రోగి వాటా

పుంగనూరు,
9 ఆగస్టు 2003.

ప్రిస్కిల్లా వదిన గారికి,
శాలేము రాజు వందనాలు.

మీరు రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ నేను సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్‌లో నాకు మాట రావడం లేదు. కాగితం మీద కొంచెం నయం.

విమల పోయి ఈ రోజుకు నలభై రెండు రోజులు. సమాధి రాయి సంగతి మదనపల్లెలో చెక్కేవాడికి చెప్పాను. పేరు, రెండు తేదీలు చాలన్నాను. మీ చెల్లెలి రాయి మీద బైబిలు వాక్యం ఉండాలని మీకు అనిపిస్తే ఏదో రాసి పంపండి. వేయిస్తాను.

ఆవులను అమ్మేయమని అందరూ అంటున్నారు. అమ్మలేదు. పాలు పిండడం నేర్చుకున్నాను. మొదటి వారం నా చేతికి ఇవ్వలేదు, ఇప్పుడు ఇస్తున్నాయి. పాలకేంద్రంలో ఆమె సభ్యత్వం నంబరు మీదే పోస్తున్నాను. నంబరు మార్చాలని కార్యదర్శి ఆదెప్ప రెండుసార్లు ఫారం ఇచ్చాడు. రెండూ బల్ల మీదే ఉన్నాయి.

పని ఒకటి ఉంది కాబట్టి రోజు గడుస్తోంది. పాలు పోసే కుటుంబాలకు ప్రభుత్వం పెట్టిన ఆరోగ్య బీమా మీకు తెలుసు కదా. మొదటి ఏడాది కార్డు చూపిస్తే చాలు, ఆస్పత్రిలో ఏమీ అడిగేవారు కాదు. నిరుడు జనవరి నుంచి రోగి వాటా పెట్టారు. వెళ్లిన ప్రతిసారీ ముప్పై రూపాయలు, పరీక్షలకైతే ఖర్చులో నాలుగో వంతు. వాటా పెట్టాక ఏం జరిగిందో నివేదిక రాయమని మదనపల్లె బీమా కమిటీ నాకు అప్పగించింది. నవంబరు ఆఖరుకు ఇవ్వాలి. ఆస్పత్రికి వచ్చేవారు నూటికి నలభై మూడు మంది తగ్గారు. ఈ లెక్క చూసి కమిటీ సంతోషంగా ఉంది. నివేదిక బాగుంటే వాటా రెట్టింపు చేసి, సోమల, గంగవరం మండలాల్లో కూడా పెడతారు.

మీరు నర్సు కాబట్టి ఒక మాట అడుగుతున్నాను. విమల బీరువాలో బీపీ మాత్రలు దొరికాయి. అన్నీ బ్లేడుతో సగానికి కోసి ఉన్నాయి. చిన్న డబ్బాలో, దూది మీద. ఆ మాత్రలను అలా కోసి వేసుకోవచ్చునా?

శాలేము రాజు

*

కుప్పం,
17 ఆగస్టు 2003.

మరిది గారికి,
ప్రభువునందు ప్రిస్కిల్లా వందనములు.

మీ ఉత్తరం చేరింది. మీ చేత్తో ఇన్ని వాక్యాలు చూడటం ఇదే మొదటిసారి. పెళ్లయిన కొత్తలో మా నాన్నకు రాసిన కార్డు నాకు గుర్తుంది. "క్షేమం. విమల కూడా." అంతే. దాన్ని నాన్న చర్చిలో అందరికీ చూపించి, "మా అల్లుడికి పోస్టాఫీసు వాళ్లు మాటకింత అని వసూలు చేస్తారేమో" అని నవ్వాడు.

మాత్ర సంగతి. డాక్టరు చెప్తే కోయవచ్చు. చెప్పకపోతే కోయకూడదు. డాక్టరు ఊరికే సగం చెయ్యడు. బీపీ చూసి, తగ్గి ఉంటేనే సగం చేస్తాడు. దానికి బీపీ తగ్గిందా? తగ్గిన మనిషికి యాభై ఆరేళ్లకే మెదడులో నరం చిట్లిందా?

దాని కార్డు తీసి చూడండి. వెళ్లినప్పుడల్లా ముద్ర వేస్తారు కదా. ఎప్పుడెప్పుడు వెళ్లింది, ఎవరు చూశారు, బీపీ ఎంత ఉంది, అన్నీ నాకు రాయండి. మీకు అవి అంకెలు. నాకు అవి మనిషి.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ వార్డులో చేతులు పట్టుకుని చూస్తున్నాను. బీపీ ఉన్నవాళ్లకు నొప్పి ఉండదు, అదే దరిద్రం. నొప్పి లేదు కాబట్టి మాత్ర ఎగ్గొడతారు. విమల ఎగ్గొట్టే మనిషి కాదు. ఆవుకు మందు వేసే వేళ కూడా గోడ మీద బొగ్గుతో రాసుకునేది.

వాక్యం ఆలోచిస్తున్నాను. తొందర లేదు, రాయి ఎక్కడికీ పోదు.

ప్రిస్కిల్లా

*

పుంగనూరు,
2 సెప్టెంబరు 2003.

వదిన గారికి,

కార్డు చూశాను. వాటా పెట్టకముందు పదకొండు ముద్రలు ఉన్నాయి. పెట్టిన తర్వాత ఒక్కటీ లేదు.

నాకు అర్థం కాలేదు. ప్రతి నెలా మొదటి మంగళవారం ఆమె కార్డు తీసుకుని ఆస్పత్రికి వెళ్లేది. నేను గేటు తీసేవాణ్ణి. పదకొండు గంటలకు మాత్రలతో తిరిగి వచ్చేది. "ఏమన్నాడు డాక్టరు?" అంటే "బాగుందన్నాడు" అనేది. పద్దెనిమిది నెలలు.

రెడ్డెమ్మను అడిగాను. మా వెనక వీధి. విమలతో పాటు పాలు పోస్తుంది. ముందు చెప్పలేదు. "నాకేం తెల్సు సారూ" అని గడ్డిమోపు విప్పుతూ కూర్చుంది. నేను కదలలేదు. చివరికి చెప్పింది. ఆమె చెప్పినట్లే రాస్తున్నాను.

"మనిషికి ముప్పై అంటే యాడ తెచ్చేది సారూ? పూటంతా పోసిన పాల దుడ్డు అది. అందుకని వంతు బెట్టుకుంటిమి. కోతలకి బదులు పోతాము గదా, నీ చేనుకి నేను, నా చేనుకి నువ్వు. అట్లనే. నెలకి ఒకరు లోపలికి పోయేది. అందరి జబ్బులూ ఆ ఒకరే చెప్పేది. మాత్రలు తెచ్చి పంచుకునేది. నేను, రుక్మిణమ్మ, సరోజమ్మ, మీ ఆయమ్మ. వాటా నలుగురమూ ఏసుకుంటాము."

"విమల కూడా లోపలికి వెళ్లిందా?"

"లే సారూ. ఆయమ్మ బయట బెంచీ మింద కూర్చుంటాది. చీటీ ఆయమ్మే రాసిస్తాది. కడుపు మంట, మోకాళ్లు, దగ్గు, తల తిప్పు. వరసగా. డాక్టరు సూసి, 'ఏమ్మా, ఇన్ని జబ్బులు పెట్టుకోని ఎట్ల నడిసొస్తివి' అని నవ్వినాడు ఒక తూరి."

తల తిప్పు విమలది. ఆ మాత్ర అట్ట చూపించి, "ఇది మింగుతాండాను" అని వంతు వచ్చినవాళ్లు చెప్పేవారట. కాంపౌండరు వాళ్ల చేతికి పట్టీ కట్టి బీపీ చూసేవాడట.

వాళ్ల చేతికి, వదినా.

ముగ్గురికీ బీపీ లేదు. ప్రతి నెలా బాగుందని వచ్చింది. నిరుడు నవంబరులో రెడ్డెమ్మ వంతు. "బాగా తగ్గిపోయిందమ్మా, ఇంక సగం మాత్ర చాలు" అన్నాడట డాక్టరు. రెడ్డెమ్మ బయటికి వచ్చి ఆ మాట విమలకు చెప్పింది. విమల సంతోషపడిందట. ఆ రోజు అందరికీ టీ ఇప్పించిందట.

"నాది మంచి చెయ్యి అనుకుంటి సారూ" అంది రెడ్డెమ్మ. తర్వాత ఏడ్చింది. నేను ఇంటికి వచ్చాను.

శాలేము రాజు

*

కుప్పం,
11 సెప్టెంబరు 2003.

మరిది గారికి,

మీ ఉత్తరం డ్యూటీలో చదివాను. తర్వాత మంచాల మధ్య నడుస్తూ ఎవరిని చూసినా అడగాలనిపించింది, అమ్మా, ఈ చెయ్యి నీదేనా అని.

ఆ డాక్టరును తిట్టాలని ఉంది. కానీ రోజుకు నూటయాభై మందిని చూసేవాడు ముఖాలు గుర్తుపెట్టుకోడు. ఆ ఆడవాళ్లను తిట్టాలని ఉంది. నోరు రావడం లేదు. కోతలకు బదులు పోయినట్లు జబ్బుకు కూడా పోయారు. చేతిపని ఒకరిది ఇంకొకరు చెయ్యవచ్చు. నెత్తురు ఒకరిది ఇంకొకరిలో పారదని వాళ్లకు చెప్పిందెవరు? ఇంటర్ చదివిన నా చెల్లెలు చెప్పి ఉండాలి. అది చీటీ రాస్తూ కూర్చుంది.

నాకు తెలియనిది ఒకటే. మీకు పెన్షన్ వస్తుంది. ముప్పై రూపాయలు మీకు బరువు కాదు. అది ఎందుకు లోపలికి పోలేదు? రెడ్డెమ్మ చెప్పకుండా ఉండదు. మీరు అడగకుండా ఉండరు. ఉత్తరంలో ఆ చోట గుంత ఉంది, మరిది గారూ. నర్సులం, గుడ్డ కప్పినా పుండు ఎక్కడుందో తెలుస్తుంది.

రెండోది. మీ నివేదికలో నలభై మూడు అని రాస్తారా? ఆ నలభై మూడు మందిలో ఒకతె ఆ ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉంది. అలా ఇంకెంతమంది కూర్చున్నారో రాయకుండా ఆ కాగితం ఇస్తే, రెట్టింపు వాటాకు మీరు సంతకం పెట్టినట్టే.

ప్రిస్కిల్లా

*

పుంగనూరు,
20 సెప్టెంబరు 2003.

వదిన గారికి,

గుంత ఉంది. నేనే వదిలాను.

ఆ వాటా ఎవరో పెట్టలేదు. పెట్టమని రాసింది నేను. 2001 చివర్లో కమిటీకి నాలుగు పేజీలు ఇచ్చాను. ఉచితంగా వచ్చేదాన్ని మనుషులు అవసరానికి మించి వాడతారు, చిన్న వాటా ఉంటే నిజంగా జబ్బు ఉన్నవారే వస్తారు అని. ముప్పై ఒక్క ఏళ్లు మదనపల్లె కాలేజీలో ఇదే పాఠం చెప్పాను. పరీక్షలో రాసినవాళ్లకు మార్కులు వేశాను. ఆస్పత్రి వరండాలో కబుర్లకు వచ్చినట్లు కూర్చునే ఆడవాళ్ల గురించి అన్నం తింటూ విమలతో చాలాసార్లు మాట్లాడాను. వాళ్లకు జబ్బు లేదు, పొద్దు పోక వస్తారు అన్నాను. ఆమె వడ్డించేది. ఏమీ అనేది కాదు. ఒప్పుకుందనుకున్నాను.

రెడ్డెమ్మ చెప్పిన మిగతా మాట ఇది.

"లోపలికి రామ్మా అని నేనే పిలిస్తి సారూ. రాలే. 'ఈ వాటా పెట్టిందే మా ఇంటాయన. అక్కరలేనోళ్లు వస్తాండారని రాసినాడు. నాకేమో నొప్పి లేదు, జరం లేదు. ఊరికే తల తిరుగుతాదని పోతే, సారు పెళ్లాం గూడా పొద్దు పోక వచ్చిందని కాంపౌండరు నవ్వడా?' అనింది. యాల నవ్వుతాడమ్మా అంటే, 'నువ్వు మా ఆయన మాటలు ఇనలేదులే' అనింది."

నలభై మూడు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలుసు. వరండా ఖాళీ అయింది. అది చూసి నేను సంతోషించాను. ఇంట్లో కూడా చెప్పాను.

నిజం రాయాలని ఉంది. రాస్తే ఆ ముగ్గురి కార్డులు పోతాయి. ఇంకొకరి జబ్బు చెప్పి మందు తీసుకోవడం నేరమని నిబంధన ఉంది. అది కూడా నేను రాసిందే. రెడ్డెమ్మ నా గేటు దాకా వచ్చి, "మా పేర్లు మాత్రం రాయొద్దు సారూ, మాకు ఆ కార్డు తప్ప యేం లేదు" అంది. రాయకపోతే వాటా రెట్టింపవుతుంది.

ఏం చేయాలో మిమ్మల్ని అడగడం లేదు. చెబుతున్నాను.

శాలేము రాజు

*

కుప్పం,
5 అక్టోబరు 2003.

మరిది గారికి,

మీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. మీరు మీ గుంత చూపించారు. నాది చూపించడానికి ఇన్ని రోజులు పట్టింది.

మార్చిలో మా చర్చి కూటాలకు విమల కుప్పం వచ్చింది, గుర్తుందా? రెండు రోజులు ఉంది. రెండో రోజు ఉదయం వంటింట్లో కుండ పట్టుకుని నిలబడి గోడ ఆనుకుంది. కూర్చోబెట్టి బీపీ చూశాను. రెండు వందలు, నూటపది. మళ్లీ చూశాను. అదే. "ఏం మే, చావాలని ఉందా నీకు?" అన్నాను. నవ్వింది. "పోయిన నెల బాగుందన్నారక్కా, బస్సులో వచ్చినందుకేమో" అంది. వంతు సంగతి చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే జుట్టు పట్టుకుని డాక్టరు ముందు కూర్చోబెట్టి ఉండేదాన్ని.

నెలకు సరిపడా మాత్రలు ఇచ్చాను. సగం కాదు, నిండు మాత్ర వేసుకోమన్నాను. ఇక్కడే నాలుగు రోజులు ఉండమంటే ఆవులన్నది. మీకు ఫోన్ చేస్తానన్నాను. చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. ఆయన రిపోర్టు రాసుకుంటా ఉండాడు. ఈ వాటాతో అందరికీ మంచి జరిగిందని బో సంతోషంగా ఉండాడు. ఇప్పుడు ఇది చెప్తే మనసు ఇరిగిపోతాది. నెల పోనీ" అంది.

నెల పోనిచ్చాను. ఏప్రిల్ పోనిచ్చాను. మే వచ్చేసరికే మాత్రలు అయిపోయి ఉంటాయని తెలుసు. ఒక కార్డు ముక్క మీకు రాయలేదు.

ఎందుకు రాయలేదో కూడా చెబుతాను. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో, మా ఆయన బతికి ఉన్నప్పుడు, మీరు ఒక మాట అన్నారు. "నర్సులు లేని జబ్బు చూపించి జనాన్ని భయపెడతారు" అని. నవ్వుతూనే అన్నారు. నేను మర్చిపోలేదు. ఈయనకు నేను రాయాలా, రాస్తే మళ్లీ నవ్వుతాడు అనుకున్నాను. నా రోషం నాకు చెల్లెలికన్నా ఎక్కువైంది.

మీరు నవ్వుతారని అది బెంచీ మీద కూర్చుంది. మీరు నవ్వుతారని నేను ఉత్తరం రాయలేదు. ఇది మిమ్మల్ని పొడవడానికి రాయడం లేదు. కొంచెం పొడవడానికే రాస్తున్నాను. మిగతాది నాకు.

ప్రిస్కిల్లా

*

పుంగనూరు,
6 నవంబరు 2003.

ప్రిస్కిల్లా గారికి,

ఉత్తరం అందింది.

మార్చి నుంచి జూను వరకు నూరు రోజులు. ఒక పోస్టుకార్డు ఖరీదు అర్ధరూపాయి.

రాయి తయారైంది. వాక్యం లేకుండానే నిలబెట్టించాను.

శాలేము రాజు

*

కుప్పం,
15 నవంబరు 2003.

మరిది గారికి,

"వదిన" పోయి "ప్రిస్కిల్లా గారు" వచ్చింది. సరే. నాకు తగినదే.

క్షమించమని అడగను. మీరూ అడగకండి. ఇద్దరిలో ఎవరు ఎవరిని క్షమించినా, ఆ హక్కు మన ఇద్దరికీ లేదు.

కానీ మీ కాగితం ఇవ్వడానికి రెండు వారాలే ఉంది. అందుకు రాస్తున్నాను. ముగ్గురి పేర్లు రాయకండి. విమల పేరు రాయండి. చనిపోయినవాళ్ల కార్డును ఎవరేం చేస్తారు? అది రాసిన చీటీలు, దాని సగం మాత్రలు, ముద్ర లేని దాని కార్డు, ఇవి చాలు. నా మార్చి నెల సంగతి కూడా రాయండి. రీడింగు, తేదీ, నా పేరు, నా ఉద్యోగం. సంతకం చేసి ఇందులో పెట్టాను. నర్సు అయి ఉండి చెప్పలేదని కమిటీ అడిగితే వచ్చి నిలబడతాను.

వాటా చిన్నదే అంటారు వాళ్లు. చిన్నదే. చిన్నది కాబట్టే దాన్ని తప్పించుకునే దారులు కూడా చిన్నవి, ఎవరికీ కనబడవు. ఈ మాట మీ భాషలో ఎలా రాస్తారో మీకే తెలుసు.

ప్రిస్కిల్లా

*

మదనపల్లె,
28 నవంబరు 2003.

వదిన గారికి,

కమిటీ మధ్యాహ్నానికి ముగిసింది. పుంగనూరు బస్సుకు ఇంకా సమయం ఉంది. కాలేజీ లైబ్రరీలో కూర్చుని రాస్తున్నాను. అటెండరు నన్ను గుర్తుపట్టి కుర్చీ తుడిచాడు.

నివేదిక పదకొండు పేజీలు. మొదటి తొమ్మిది వాళ్లు అడిగినవి. పదో పేజీలో విమల గురించి రాశాను. నా భార్య అని రాశాను. వంతు పద్ధతి ఎలా నడుస్తుందో రాశాను. ఎవరి పేరూ లేదు, ఏ వీధీ లేదు. మీ కాగితం జతపరిచాను. పదకొండో పేజీలో, రాకపోవడం అంటే జబ్బు లేకపోవడం కాదని, వాటా తీసేయాలని, 2001లో నేను రాసింది తప్పని రాశాను.

చదివి వినిపించమన్నారు. చదివాను. పదో పేజీ దగ్గర చైర్మన్ గారు నీళ్లు ఇప్పించారు. నేను తాగలేదు, అవసరం పడలేదు.

తర్వాత ఆయన మంచిగానే మాట్లాడారు. "మాస్టారూ, మీ దుఃఖం మాకు అర్థమవుతుంది. కానీ మీరు రాసిన తొమ్మిది పేజీలు లెక్క. ఒక పేజీ మీ ఇల్లు. ఒక ఇంటిని పట్టుకుని మండలానికి రూలు మార్చగలమా? ఈ మాట మాకు నేర్పింది మీరే కదా" అన్నారు. నిజమే. ఆయన నా విద్యార్థి. 1978 బ్యాచ్. ఆ ప్రశ్నకు మంచి మార్కులు వేసి ఉంటాను.

రెట్టింపు చేసే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. మిగతాది ఆలోచించి ఉత్తర్వు పంపుతామన్నారు. బయటికి వస్తుంటే గుమాస్తా మెట్ల మీద ఆపి, "ఆ వంతు సంగతి మాకు అసలు తెలీదు సార్. మంచి పాయింటు పట్టినారు" అన్నాడు. ఎందుకో ఆ మాట నాకు నచ్చలేదు.

రెట్టింపు ఆగింది. మీ కాగితం వల్ల కొంత. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

శాలేము రాజు

*

కుప్పం,
9 డిసెంబరు 2003.

మరిది గారికి,

"వదిన" తిరిగి వచ్చింది. చూశాను.

ఆ గుమాస్తా మాట నాకు కూడా నచ్చలేదు. మా ఆస్పత్రిలో రోగులు మంచాల కింద పొయ్యి పెట్టుకుని గంజి కాచుకుంటున్నారని నేనొకసారి మేనేజరుకు చెప్పాను. క్యాంటీన్‌లో ధర తగ్గిస్తారని చెప్పాను. మరుసటి రోజు వార్డులన్నీ తిరిగి పొయ్యిలు ఎత్తుకుపోయారు.

మీది అలా కాకూడదని ప్రార్థిస్తున్నాను. ఉత్తర్వు రాగానే రాయండి, మంచిదైనా చెడ్డదైనా. ఈసారి ఎవరూ నెల పోనివ్వకూడదు.

ప్రిస్కిల్లా

*

పుంగనూరు,
14 ఫిబ్రవరి 2004.

వదిన గారికి,

ఉత్తర్వు ఈ రోజు వచ్చింది. ఈ రోజే రాస్తున్నాను.

వాటా ముప్పైగానే ఉంది. సోమల, గంగవరంలో వచ్చే నెల నుంచి పెడుతున్నారు. కార్డు మీద ఫొటో అతికించాలి. ఫొటోలో ఉన్న మనిషినే చూస్తారు, ఆ మనిషి జబ్బుకే మందు ఇస్తారు. కార్డుకు ఒక జబ్బుల పుస్తకం ఉంటుంది. అందులో లేని జబ్బుకు మాత్ర అడిగితే విచారణ. ఇంకొకరి జబ్బు చెప్పినట్లు తేలితే కార్డు రద్దు. "ఆచార్య శాలేము రాజు గారి నివేదిక పదవ పేజీలో వెలుగులోకి తెచ్చిన దుర్వినియోగాన్ని అరికట్టేందుకు" అని మొదటి వాక్యం. పదకొండో పేజీ మాట ఎక్కడా లేదు. ఆచార్యుణ్ణి కాను, లెక్చరర్‌ని. అది కూడా వాళ్లే కలిపారు.

ఆదెప్ప దాన్ని ఉదయం పాలకేంద్రంలో చదివాడు. పాలు పోసి అందరూ నిలబడి ఉన్నారు. నేనూ ఉన్నాను.

"ఫొటోకి ఎంతయితాదప్పా?" అంది రుక్మిణమ్మ.

"స్టూడియోవాడు నీ మొగం జూసి చెప్తాడు" అన్నాడు ఆదెప్ప. నవ్వారు.

సరోజమ్మ నవ్వలేదు. అందరికన్నా పెద్దది ఆవిడ. "అంటే ఇంగ ఎవురి వాటా వాళ్లేనా? ఒకరు పోయి చెప్పేది లేదా?"

"లేదు మా. పట్టుకుంటారు."

"మనలో మనకు తెల్సిన సంగతి. మదనపల్లెకి ఎట్ల తెలిసె?"

ఆదెప్ప కాగితం మడిచాడు. నా వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాడు.

"నేను రాశాను" అన్నాను.

రెడ్డెమ్మ క్యాను కింద పెట్టింది. "పేర్లు రాయొద్దంటిమి గదా సారూ."

"రాయలేదు రెడ్డెమ్మా. విమల పేరు ఒక్కటే రాశాను."

"ఆయమ్మ పేరు రాస్తే అది మేము గాదా?"

వాటా తీసేయమని కూడా రాశానని చెప్పాను. వాళ్లు విన్నారు. ఉత్తర్వులో లేనిది నేను చెబితే ఏముంది?

సరోజమ్మ దగ్గరికి వచ్చింది. కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్లే అడిగింది. "ముప్పై రూపాయలు పెట్టమని ముందర రాసింది గూడా నువ్వేనంట గదప్పా?"

"నేనే."

"రెండు తూర్లూ నువ్వేనా?"

"రెండుసార్లూ నేనే."

"సదువుకున్నోడివి. నీకు మేమేం జెప్తాములే" అంది. క్యాను తీసుకుని వెళ్లిపోయింది. మిగతావాళ్లు కూడా వెళ్లారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

రుక్మిణమ్మకు వారం నుంచి తల తిరుగుతోందట. ఆదెప్ప చెప్పాడు. ఫొటో వచ్చాక పోతుందట. రండి, నేను తీసుకెళ్తాను, వాటా నేను కడతాను అని ఇంటికి వెళ్లి అడిగాను. వాకిట్లోకి వచ్చి, "వద్దులే సారూ, నువ్వు మళ్లా యాడన్నా రాస్తావు" అని తలుపు దగ్గరికి వేసుకుంది.

మీరు బీపీ మిషను తీసుకుని ఒక రోజు రాగలరా? నేను పిలిస్తే ఎవరూ చెయ్యి చాపరు. మీరు పిలిస్తే చాపుతారేమో. విమల అక్క అని చెప్పండి. నా పేరు చెప్పకండి.

ఇప్పుడు సాయంత్రం పాలకు పోవాలి. మళ్లీ ఉదయం. రోజుకు రెండుసార్లు ఆ వరసలో నిలబడాలి. నా ముందు సరోజమ్మ ఉంటుంది, వెనక రెడ్డెమ్మ.

శాలేము రాజు